లీటరుకు కిలోమీటర్ల నుంచి ఎంపీజీ దాకా: మైలేజీ లెక్కలు మార్చుకోవడం ఎలా?

ఒకసారి ఒక బ్రిటిష్ కారు సమీక్ష చదువుతుంటే 50 ఎంపీజీ, అంటే గాలన్‌కు 50 మైళ్లు, అని కనబడింది. వెంటనే కాగితం తీసుకుని లెక్క వేశాను. లీటరుకు 21 కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. అంత పెద్ద కారుకి ఇది మరీ ఎక్కువ కదా అనిపించింది. గుణకారం మళ్లీ చేసి చూసుకున్నాను, ఎక్కడా తప్పు లేదు. తప్పింది గాలన్. నేను వాడింది అమెరికన్ గాలన్, ఆ సమీక్ష రాసినవాళ్లది ఇంపీరియల్ గాలన్. అసలు జవాబు 17.7.

మైలేజీ కొలతల్ని మార్చేటప్పుడు పొరపాట్లు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. ఏ గాలనో చూసుకోకపోవడం ఒకటి. అంకె ఎటు తిరిగి ఉందో గమనించకపోవడం రెండోది. ఈ రెండూ సర్దుకుంటే మిగతాది ఐదో తరగతి లెక్క.

## మొదటి అడుగు: అంకెలో పైన ఉన్నది దూరమా, ఇంధనమా?

ప్రపంచంలో వాడే మైలేజీ కొలతలన్నీ రెండు జట్లే. ఒక జట్టులో దూరం పైన ఉంటుంది: లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, గాలన్‌కు ఎన్ని మైళ్లు. ఇక్కడ అంకె పెరిగితే మంచిది. రెండో జట్టులో ఇంధనం పైన ఉంటుంది: 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు. ఇక్కడ అంకె తగ్గితే మంచిది. యూరప్ దేశాలు చాలావరకు, కెనడా, ఆస్ట్రేలియా, చైనా ఈ రెండో పద్ధతి వాడతాయి. భారత్, జపాన్ లాంటి చోట్ల లీటరుకు కిలోమీటర్లు. అమెరికా, బ్రిటన్‌లలో గాలన్‌కు మైళ్లు, అంటే ఎంపీజీ.

ఒకే జట్టులోని రెండు కొలతల మధ్య మార్పిడికి ఒక స్థిరమైన అంకెతో గుణిస్తే చాలు. జట్టు మారినప్పుడు మాత్రం గుణకారం పనిచేయదు, భిన్నాన్ని తలకిందులు చేయాలి. అంటే ఒక స్థిరమైన అంకెను మన దగ్గరున్న అంకెతో భాగించాలి. లెక్క మొదలుపెట్టే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: జట్టు మారుతోందా, లేదా?

డాష్‌బోర్డు మీద 7.4 అని చూపిస్తున్న అద్దె కారులో కూర్చుని, నిదానంగా నడిపితే 6.1కి పడిపోయిందని కంగారుపడినవాళ్లను చూశాను. ఆ కారు 100 కిలోమీటర్లకు లీటర్లు చూపిస్తోంది. పడిపోవడమే మంచిది!

## రెండో అడుగు: ఆ గాలన్ ఎవరిది?

మైలుతో పేచీ లేదు. 1959లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం నుంచి మైలంటే ఎక్కడైనా 1.609344 కిలోమీటర్లే. గాలన్‌లే రెండున్నాయి:

- అమెరికన్ గాలన్ = 3.785411784 లీటర్లు
- ఇంపీరియల్ గాలన్ = 4.54609 లీటర్లు

రెండెందుకు వచ్చాయంటే, ఇంగ్లండ్‌లో 1707లో ఆన్ రాణి కాలంలో ద్రాక్షసారా కొలవడానికి 231 ఘనపు అంగుళాల గాలన్‌ను చట్టంలో రాశారు. అమెరికా దాన్నే ఉంచేసుకుంది. బ్రిటన్ మాత్రం 1824లో రకరకాల పాత గాలన్‌లను పక్కన పెట్టి, 10 పౌన్ల నీళ్లు పట్టే పరిమాణాన్ని కొత్త గాలన్‌గా తీసుకుంది. అలా ఇంపీరియల్ గాలన్ అమెరికన్ గాలన్ కంటే దాదాపు 20 శాతం పెద్దదయింది. అదే కారు, అదే రోడ్డు, అదే నడక అయినా బ్రిటిష్ ఎంపీజీ ఎప్పుడూ పెద్దగా కనిపించేది ఇందుకే.

అమెరికన్ ఎంపీజీని బ్రిటిష్‌కు మార్చాలంటే 1.2తో గుణించండి. వెనక్కి రావాలంటే 20 శాతం తీసేయకండి, ఆరో వంతు తీసేయండి. 60 బ్రిటిష్ ఎంపీజీలో ఆరో వంతు 10, కాబట్టి 50 అమెరికన్ ఎంపీజీ. 20 శాతం తీసేస్తే 48 వస్తుంది, అది తప్పు.

కాగితం మీద ఉత్త ఎంపీజీ అని ఉండి, ఏ దేశానిదో రాయకపోతే ఏం చేయాలి? పక్కనే 100 కిలోమీటర్లకు లీటర్ల అంకె కూడా ఉంటే ఒక చిట్కా ఉంది. రెండింటినీ గుణించండి. జవాబు 235 దగ్గర వస్తే అమెరికన్ గాలన్, 282 దగ్గర వస్తే ఇంపీరియల్. ఉదాహరణకు 44.1 ఎంపీజీ, 6.4 లీటర్లు అని ఉంటే గుణకారం 282, అంటే బ్రిటిష్ లెక్క. కెనడా పాత పుస్తకాల్లోని ఎంపీజీ కూడా ఇంపీరియల్ గాలనే. అమెరికా పక్కనే ఉంది కదా అని మోసపోవద్దు.

## మూడో అడుగు: సూత్రాలు మరచిపోయినా లెక్క కట్టడం

నాకు సూత్రాలు గుర్తుండవు. అందుకే దూరాన్ని కిలోమీటర్లలోకి, ఇంధనాన్ని లీటర్లలోకి విడివిడిగా మార్చుకుని, చివర్లో భాగిస్తాను. 32 అమెరికన్ ఎంపీజీ తీసుకుందాం.

32 మైళ్లు అంటే 32 × 1.609344 = 51.5 కిలోమీటర్లు. ఆ దూరానికి ఖర్చయింది ఒక గాలన్, అంటే 3.785 లీటర్లు. ఇప్పుడు లీటరుకు కిలోమీటర్లు కావాలంటే 51.5 ÷ 3.785 = 13.6. 100 కిలోమీటర్లకు లీటర్లు కావాలంటే అదే భిన్నాన్ని తిప్పి వందతో గుణించాలి: 3.785 ÷ 51.5 × 100 = 7.35.

ఈ దారిలో వెళితే ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కళ్లముందే ఉంటుంది. సూత్రాలుగా కుదిస్తే ఇలా ఉంటాయి.

గుణకారంతో సరిపోయేవి:

- లీటరుకు కిలోమీటర్లు × 2.352 = అమెరికన్ ఎంపీజీ
- లీటరుకు కిలోమీటర్లు × 2.825 = బ్రిటిష్ ఎంపీజీ
- అమెరికన్ ఎంపీజీ × 0.4251 = లీటరుకు కిలోమీటర్లు
- బ్రిటిష్ ఎంపీజీ × 0.3540 = లీటరుకు కిలోమీటర్లు

తలకిందులు చేయాల్సినవి:

- 100 ÷ (లీటరుకు కిలోమీటర్లు) = 100 కిలోమీటర్లకు లీటర్లు
- 235.215 ÷ (అమెరికన్ ఎంపీజీ) = 100 కిలోమీటర్లకు లీటర్లు
- 282.481 ÷ (బ్రిటిష్ ఎంపీజీ) = 100 కిలోమీటర్లకు లీటర్లు

ఈ చివరి మూడింటికీ వెనక్కి వెళ్లే సూత్రం కూడా అదే. 235.215ను లీటర్ల అంకెతో భాగిస్తే ఎంపీజీ వస్తుంది. 235 ఎక్కడిదంటే, 100 × 3.785411784 ÷ 1.609344, అంతే.

నోటిలెక్కకు దారులు వేరు. అమెరికన్ ఎంపీజీ ఇస్తే అందులో 40 శాతం తీసుకుని, అసలు అంకెలో నలభయ్యో వంతు కలపండి. 40 ఎంపీజీకి 16, దానికి 1 కలిపితే 17. బ్రిటిష్ ఎంపీజీకి 35 శాతం చాలు, ఒక్క శాతం తక్కువ చూపిస్తుంది, అంతే. లీటరుకు కిలోమీటర్లను 100 కిలోమీటర్లకు లీటర్లుగా మార్చడానికి జంటలు గుర్తుపెట్టుకోండి, రెండింటి గుణకారం వంద కావాలి: 5కి 20, 4కి 25, 8కి 12.5. సరిగ్గా 10 దగ్గర రెండు పద్ధతులూ ఒకే అంకె చూపిస్తాయి.

తరచూ ఎదురయ్యే అంకెలు ఈ పట్టికలో ఉన్నాయి.

| లీటరుకు కి.మీ. | 100 కి.మీ.కు లీటర్లు | అమెరికన్ ఎంపీజీ | బ్రిటిష్ ఎంపీజీ |
|---|---|---|---|
| 8 | 12.5 | 18.8 | 22.6 |
| 10 | 10.0 | 23.5 | 28.2 |
| 12 | 8.3 | 28.2 | 33.9 |
| 15 | 6.7 | 35.3 | 42.4 |
| 18 | 5.6 | 42.3 | 50.8 |
| 20 | 5.0 | 47.0 | 56.5 |
| 25 | 4.0 | 58.8 | 70.6 |
| 40 | 2.5 | 94.1 | 113.0 |

ఇంకో సరదా సంగతి. లీటరు అనేది ఘనపరిమాణం, కిలోమీటరు పొడవు. ఘనపరిమాణాన్ని పొడవుతో భాగిస్తే మిగిలేది వైశాల్యం! 100 కిలోమీటర్లకు 5 లీటర్లు అంటే 0.05 చదరపు మిల్లీమీటర్లు. కారు వెళ్లిన దారి పొడవునా పెట్రోలును సన్నటి దారంలా పరిస్తే, ఆ దారం మందం పావు మిల్లీమీటరు ఉంటుందన్నమాట. మార్పిడికి ఇది పనికిరాదు గానీ, నాకు ఇష్టమైన లెక్క.

## సొంత బండి అంకె పట్టుకోవడం

మార్చడానికి ముందు చేతిలో నమ్మదగిన అంకె ఉండాలి. ట్యాంకు నిండా కొట్టించి ట్రిప్ మీటరును సున్నా చేయండి. మామూలుగా తిరగండి. మళ్లీ నిండా కొట్టించినప్పుడు పట్టిన లీటర్లే మీరు వాడిన ఇంధనం. రెండుసార్లూ పంపు తనంతట తాను ఆగిన చోటే ఆపేయడం మంచిది. పైపైన ఇంకొంచెం పోయిస్తే లెక్క చెడుతుంది. ఒక్క ట్యాంకుతో తేల్చేయకుండా మూడు నాలుగు ట్యాంకుల దూరమంతా కూడి, లీటర్లన్నీ కూడి, చివర్లో ఒక్కసారే భాగించండి.

612 కిలోమీటర్లు తిరిగాక 38.4 లీటర్లు పట్టిందనుకుందాం. 612 ÷ 38.4 = 15.94, ఇది లీటరుకు కిలోమీటర్లు. 38.4 ÷ 612 × 100 = 6.27, ఇది 100 కిలోమీటర్లకు లీటర్లు. అమెరికన్ ఎంపీజీలో 37.5, బ్రిటిష్‌లో 45.0. దశాంశం తర్వాత ఒక అంకె చాలు. పంపు ఆగే చోటులోనే అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది. మధ్యలో మాత్రం అంకెల్ని కుదించకండి. పూర్తి అంకెలతో లెక్క కట్టి చివర్లో కుదించండి.

## సగటు తీసేటప్పుడు జాగ్రత్త

ఊళ్లో లీటరుకు 10, హైవే మీద 20 ఇచ్చే బండి ఉంది. ఊళ్లో 100 కిలోమీటర్లు, హైవే మీద 100 కిలోమీటర్లు తిరిగింది. సగటు 15 అనేస్తాం. కాదు. ఊళ్లో 10 లీటర్లు, హైవేలో 5 లీటర్లు కాలాయి. 200 కిలోమీటర్లకు 15 లీటర్లు అంటే లీటరుకు 13.3 మాత్రమే.

దూరాలు సమానమైనప్పుడు 100 కిలోమీటర్లకు లీటర్ల అంకెలకే మామూలు సగటు తీయాలి. 10, 5ల సగటు 7.5. దాన్ని తలకిందులు చేస్తే 13.3. దూరం పైన ఉన్న కొలతలకు మామూలు సగటు సరిపోయేది రెండు చోట్లా కాలిన ఇంధనం సమానమైనప్పుడే. అందుకే మొత్తం దూరం, మొత్తం లీటర్లు కూడి ఒక్కసారే భాగించమన్నాను.

అమెరికాలో కొత్త కార్లకు అతికించే మైలేజీ స్టిక్కర్ల మీద ఉండే కంబైన్డ్ అంకె (ఊరు, హైవే కలిపినది) కూడా ఇలాగే కడతారు, 55 శాతం ఊరు, 45 శాతం హైవే వాటాలతో. ఊళ్లో 25, హైవేలో 35 ఎంపీజీ అయితే 0.55 ÷ 25 = 0.022, 0.45 ÷ 35 = 0.01286. రెండూ కలిపితే 0.03486. ఒకటిని దానితో భాగిస్తే 28.7. వాటాల ప్రకారం మామూలు సగటు తీస్తే 29.5 వచ్చేది.

## తేడాలను నేరుగా మార్చలేం

ఇది చాలామంది నమ్మలేని భాగం, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. ఇంట్లో రెండు బండ్లున్నాయి. ఒకటి లీటరుకు 8, ఇంకొకటి 20 ఇస్తాయి. రెండూ ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరుగుతాయి. ఒక్క బండినే మార్చగలం. 8 ఇచ్చేదాన్ని తీసేసి 10 ఇచ్చేది కొనాలా, లేక 20 ఇచ్చేదాన్ని తీసేసి 30 ఇచ్చేది కొనాలా? రెండు పెరగడం కన్నా పది పెరగడమే లాభం అనిపిస్తుంది.

లీటర్లలో చూడండి. మొదటి బండికి 1,250 లీటర్లు పట్టేవి, కొత్తదానికి 1,000. ఆదా 250 లీటర్లు. రెండో బండికి 500 పట్టేవి, కొత్తదానికి 333. ఆదా 167 లీటర్లే. రెండు కిలోమీటర్ల మెరుగుదల పది కిలోమీటర్ల మెరుగుదలను ఓడించింది!

డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో దీని గురించే రాశారు. ఈ పొరపాటుకు ఎంపీజీ భ్రమ అని పేరు పెట్టారు. 2013 మోడళ్ల నుంచి అమెరికా స్టిక్కర్ల మీద ఎంపీజీతో పాటు 100 మైళ్లకు ఎన్ని గాలన్‌లో కూడా వేస్తున్నారు.

కాబట్టి "మైలేజీ 5 పెరిగింది" అని ఎవరైనా అంటే, ఎంత నుంచి ఎంతకు పెరిగిందో అడగండి. రెండు అంకెల్నీ విడివిడిగా మార్చి ఆ తర్వాతే తీసివేయాలి. శాతాల్లోనూ ఇదే తిరకాసు. మైలేజీ 25 శాతం పెరిగితే ఇంధనం 20 శాతమే ఆదా అవుతుంది. మైలేజీ రెట్టింపైతే ఆదా సగం. బండ్లను పోల్చడానికి నా ఓటు 100 కిలోమీటర్లకు లీటర్ల పద్ధతికే. ట్యాంకులో ఉన్నదాంతో ఎంత దూరం వెళ్లగలమో తేల్చుకోవడానికి మాత్రం లీటరుకు కిలోమీటర్లే సుఖం.

## అరుదుగా ఎదురయ్యేవి

స్వీడన్‌లో మిల్ అనే కొలత వాడతారు. అది మైలు కాదు, సరిగ్గా 10 కిలోమీటర్లు. మిల్‌కు 0.65 లీటర్లు అంటే 100 కిలోమీటర్లకు 6.5 లీటర్లు. కొన్ని అరబ్ దేశాల్లో 20 లీటర్ల డబ్బాకు ఎన్ని కిలోమీటర్లు అంటారు. 20తో భాగిస్తే చాలు. బ్రిటన్‌లో మైలేజీ గాలన్‌లలో చెబుతూ పెట్రోలు లీటర్లలో అమ్ముతారు, అందుకే లీటరుకు మైళ్లు కావాల్సి వస్తుంది. బ్రిటిష్ ఎంపీజీని 4.546తో భాగించండి.

ఆగి ఉన్న బండిలో ఇంజన్ నడుస్తుంటే దూరం సున్నా. లీటరుకు కిలోమీటర్లు సున్నా అవుతాయి, 100 కిలోమీటర్లకు లీటర్లు అనంతమవుతాయి. అందుకే కొన్ని డాష్‌బోర్డులు అప్పుడు గంటకు ఎన్ని లీటర్లో చూపిస్తాయి. దాన్ని మార్చాలంటే వేగం తెలియాలి: గంటకు 6 లీటర్లు కాలుతూ 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, 6 ÷ 80 × 100 = 7.5 లీటర్లు, ప్రతి 100 కిలోమీటర్లకు.

సీఎన్‌జీని కిలోల్లో అమ్ముతారు కాబట్టి కిలోకు కిలోమీటర్లు అంటాం. పెట్రోలుతో పోల్చాలంటే శక్తిని బట్టి లెక్కించాలి. అమెరికాలో 2.567 కిలోల సీఎన్‌జీని ఒక అమెరికన్ గాలన్ పెట్రోలుకు సమానంగా తీసుకుంటారు. అంటే కిలో సీఎన్‌జీ సుమారు 1.47 లీటర్ల పెట్రోలు. కిలోకు 25 కిలోమీటర్లు వెళ్లే బండి, శక్తి లెక్కన లీటరు పెట్రోలుకు 17 వెళ్లినట్టు. డీజిల్ లీటరులో కూడా పెట్రోలు కన్నా పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. డీజిల్ బండి మైలేజీ ఎక్కువ కనిపించడానికి కొంత కారణం ఇంజన్, కొంత కారణం ఇంధనమే.

## కరెంటు బండ్లు

ఇక్కడా అవే రెండు జట్లు. కిలోవాట్-అవర్‌కు, అంటే యూనిట్‌కు, ఎన్ని కిలోమీటర్లు అనేది ఒకటి. 100 కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు అనేది రెండోది. 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు అంటే కిలోమీటరుకు 150 వాట్-అవర్లు, లేదా యూనిట్‌కు 6.67 కిలోమీటర్లు. మైళ్లలో అయితే యూనిట్‌కు 4.14.

అమెరికా స్టిక్కర్ మీద ఎంపీజీఈ అని ఉంటుంది. చివరి 'ఈ' అక్షరం ఈక్వివలెంట్, అంటే సమానం అని. ఒక అమెరికన్ గాలన్ పెట్రోలులోని శక్తిని 33.7 యూనిట్లుగా లెక్కిస్తారు. 33.7 × 100 ÷ 1.609344 = 2,094. దీన్ని 100 కిలోమీటర్లకు యూనిట్ల అంకెతో భాగిస్తే ఎంపీజీఈ వస్తుంది. 2,094 ÷ 15 = 139.6. స్టిక్కర్ మీది అంకెలో చార్జింగ్‌లో పోయే కరెంటు కూడా కలిసి ఉంటుంది. డాష్‌బోర్డు మాత్రం బ్యాటరీ నుంచి బయటికి వచ్చిందే లెక్కిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే డాష్‌బోర్డు అంకె బాగున్నట్టు కనిపిస్తుంది, అది బండి గొప్పతనం కాదు. పెట్రోలు బండి ఎంపీజీకీ, ఎంపీజీఈకీ పోలిక బండి వాడిన శక్తి వరకే. కరెంటు తయారీలో పోయిన శక్తి అందులో లేదు.

యూరప్ కార్ల పత్రాల్లో కిలోమీటరుకు ఇన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని మాత్రమే కనబడితే, దాన్నుంచి కూడా మైలేజీ రాబట్టవచ్చు. పెట్రోలు బండికి ఆ అంకెను 23.5తో, డీజిల్‌కు 26.9తో భాగిస్తే 100 కిలోమీటర్లకు లీటర్లు సుమారుగా వస్తాయి. 120 గ్రాముల పెట్రోలు కారు అంటే దాదాపు 5.1 లీటర్లు. ఇథనాల్ కలిపిన పెట్రోలుకు ఇది కొంచెం అటూఇటూ అవుతుంది.

## అంకె మారినా పరీక్ష మారదు

కంపెనీలు చెప్పే మైలేజీ అంకెలు అధికారిక పరీక్షల్లో వచ్చినవి: యూరప్‌లో డబ్ల్యూఎల్‌టీపీ అనే పరీక్ష, అంతకుముందు అక్కడే ఎన్ఈడీసీ అనే పరీక్ష, అమెరికాలో అక్కడి పర్యావరణ సంస్థ పరీక్ష. ఒక్కో పరీక్షలో వేగాలు, ఆగడాలు వేరు. జపాన్ కూడా డబ్ల్యూఎల్‌టీపీ పద్ధతినే తీసుకుంది గానీ, అందులోని అన్నిటికన్నా వేగమైన భాగాన్ని వదిలేసింది. కొలతల్ని ఎంత సరిగ్గా మార్చినా ఈ తేడా అలాగే ఉంటుంది. ఒక దేశపు అంకెను మరో దేశపు అంకెతో పోల్చే ముందు రెండూ ఏ పరీక్షలో వచ్చాయో చూడండి.

ఇక మీరే స్ప్రెడ్‌షీట్ తయారు చేసుకున్నా, ఫోన్‌లో ఏదైనా యాప్ వాడినా, ముందు రెండు అంకెలతో పరీక్షించండి. లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తే 100 కిలోమీటర్లకు 10 లీటర్లు రావాలి. రాకపోతే ఎక్కడో భిన్నం తలకిందులైంది. తర్వాత 50 ఎంపీజీ ఇచ్చి చూడండి. 17.7 వస్తే అది ఇంపీరియల్ గాలన్ వాడుతోంది, 21.3 వస్తే అమెరికన్.